డాక్టరు పేరు లేని జ్వరం

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి జ్వరాలు రెండు రకాలు. ఒకటి అందరికీ వచ్చేదే. వానల్లో వస్తుంది, మలేరియా అంటారు, టైఫాయిడ్ అంటారు, ఆసుపత్రిలో చేదు మందు పోస్తారు, తగ్గితే తగ్గుతుంది, లేకపోతే మనిషి పోతాడు. రెండోది ఏ ఆసుపత్రికీ తెలియని జ్వరం. మనిషి తన ప్రాణం తానే తీసుకుంటే ఆ ఇంటివాళ్ళు చెప్పుకునే జ్వరం అది. "ఏటైనాదమ్మా?" అని ఎవరైనా అడిగితే "జొరమొచ్చినాది" అంటారు. అడిగినవాళ్ళు తల ఊపి ఊరుకుంటారు. ఇది అబద్ధం కాదా అని ముక్కున వేలేసుకునేవాళ్ళు వేసుకోవచ్చు. ఆ రోజుల్లో చావబోయి బతికినవాడి మీద పోలీసు కేసు, చచ్చినవాడి ఇంటి మీద ఊరి నోళ్ళు. ఈ రెండింటి మధ్య నలిగిన జనం ఒక చిన్న మాటను అడ్డం పెట్టుకుని బతికారు. వాళ్ళని తప్పుపట్టే హక్కు ఎవరికుంది?

శ్యామలాంబ ఇంటికి ఆ మాట 1950లో వచ్చింది. తండ్రి సోమేశ్వరరావు రైల్వే ఆఫీసులో గుమాస్తా. మడత నలగని చొక్కా, తలుపు వేసి ఉన్న క్వార్టరు, పరాయివాళ్ళ ముందు గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే మనిషి. పిల్లల చిన్నతనంలోనే భార్య పోతే ఇద్దరు ఆడపిల్లల్నీ తనే పెంచాడు. పెద్దది కోటేశ్వరి ఇరవై ఏళ్ళయినా నిండకుండా పోయింది. ఎందుకు పోయిందో ఎవరికీ పూర్తిగా తెలియదు. తెలిసినట్టు మాట్లాడినవాళ్ళకి అసలే తెలియదు. సోమేశ్వరరావు అందరికీ జ్వరమని చెప్పాడు. పక్క గదిలో ఉన్న శ్యామలకి కూడా జ్వరమనే చెప్పాడు. తనకి తెలుసని తండ్రికి తెలుసు, తండ్రికి తెలుసని తనకి తెలుసు. ఆ ఇంట్లో ఇక ఆ సంగతి ఎత్తినవాళ్ళు లేరు.

శ్యామల కలకత్తా వెళ్ళి మనస్తత్వశాస్త్రం చదివింది. చుట్టాలు దాన్ని పిచ్చివాళ్ళ చదువన్నారు. పిచ్చివాళ్ళ చదువు చదివిన పిల్లని ఎవడు చేసుకుంటాడని బెంగపెట్టుకున్నారు. ఎవడూ చేసుకోలేదు, ఆమె కూడా ఎవడి కోసమూ ఎదురుచూడలేదు. 1959లో ఖరగ్‌పూర్‌లోనే ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. దానితోపాటు కలకత్తాలో ఒక గురువు దగ్గర పరిశోధనకి పేరు నమోదు చేసుకుంది. మనుషులు ఎందుకు చావాలనుకుంటారు, వాళ్ళని ఎలా ఆపొచ్చు అన్నదే ఆమె విషయం. తోటి లెక్చరర్లు ఆ విషయం వినగానే కుర్చీలు కొంచెం వెనక్కి జరుపుకునేవారు. పెళ్ళి కావలసిన పిల్లలకి ఈ అశుభపు పాఠాలేమిటని ఒకావిడ మొహం మీదే అడిగేసింది.

శ్యామలాంబ మాత్రం క్లాసులో కుండబద్దలు కొట్టినట్టు చెప్పేది. "ఎదుటి మనిషి మీద అనుమానం కలిగితే అడగండి. చచ్చిపోవాలని ఉందా అని తిన్నగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచనకి ఒక తోడు దొరుకుతుంది." బెంగాలీ పిల్లలు, తెలుగు పిల్లలు, ఒరియా పిల్లలు నోట్సు రాసుకునేవారు. వాళ్ళకి ఆమె దీదీ. కొందరికి ఆమె అంటే కొంచెం భయం కూడా.

పరిశోధన కోసం కాలికి బలపం కట్టుకుని రైల్వే వర్క్‌షాపు కార్మికులు వరస ఇళ్ళలో కాపురముండే లైన్లన్నీ తిరిగింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబాలు. ఈ మధ్య ఇంట్లో ఎవరైనా పోయారా, ఎలా పోయారు అని అడిగేది. ప్రతి ఇంటా జ్వరమే. మొదట్లో విసుగొచ్చింది. వినగా వినగా ఒక తేడా పట్టుబడింది. నిజంగా జ్వరంతో పోయిన మనిషి గురించి చెప్పేటప్పుడు ఆడవాళ్ళు ఆగరు. ఏ డాక్టరు చూశాడు, ఎన్ని సూదులు పొడిచాడు, గోల్‌బజార్‌లో ఏ కొట్టు నుంచి బత్తాయిలు తెచ్చారు, చివరికి ఏం తినాలని అడిగాడు, అన్నీ చెప్పి ఏడుస్తారు. రెండో జ్వరానికి కథ ఉండదు. "జొరమమ్మా. అంతే." డాక్టరు పేరు రాదు. డాక్టరు పేరు లేని జ్వరమేదో అదే తాను వెతుకుతున్నదని ఆమెకి అర్థమైంది.

ఆ తిరుగుడులోనే జోగమ్మ ఇల్లు తగిలింది. జోగమ్మ మొగుడు జగ్గారావు మెషీన్ షాపులో ఫిట్టరు. చేతి పని మీద మహా గర్వం. చూపు మందగించి కొలతగీతలు కనబడక, కళ్ళ పరీక్ష తప్పితే, అతన్ని తేలిక పనికి మార్చారు. జీతంలో పెద్ద తేడా లేదు. కాని నిన్నటిదాకా తన చేతికింద ఉన్నవాళ్ళు మిషను దగ్గర నిలబడుతుంటే తను గేటు దగ్గర స్టూలు మీద కూర్చోవాలి. దానికంటే చేతులు నరికేసినా బాగుండేదని అన్నాడట.

శ్యామలాంబ వెళ్ళేసరికి మధ్యాహ్నం. వరండా నిండా జనం. ఇద్దరు పేకాడుతున్నారు, ఒక ముసలామె చింతపండు గింజలు తీస్తోంది, ఇంకొకడు సైకిలు గొలుసుకి నూనె పూస్తున్నాడు. మధ్యలో నులకమంచం మీద జగ్గారావు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అతనితో ఎవరూ మాట్లాడటం లేదు. అతన్ని వదిలి ఎవరూ కదలడమూ లేదు.

"ఏమిటి జోగమ్మా, ఇంతమంది ఉన్నారు?"

"మాయనకి జొరంగా ఉన్నాదండి."

శ్యామలాంబ అలవాటు కొద్దీ జగ్గారావు నుదుటి మీద చెయ్యి వేసింది. "చల్లగానే ఉందే!"

జోగమ్మ ఆమెను పక్కకి పిలిచి గొంతు తగ్గించింది. "పంతులమ్మగోరూ, ఇది సెయ్యెట్టి సూసే జొరం కాదు. నాకు జొరంగా ఉన్నాదని ఆడే సెప్పినాడు. సెప్పినాడంటే ఒంటిగా ఒగ్గకూడదు. మావోల్లంతా వొంతులేసుకుని కూకుంటారు. ఏటీ అడగరు. అన్నం తింటే ఎడతారు, తినకపోతే మల్లీ తెస్తారు. దిగిందాకా అంతే."

"డాక్టరుకి చూపించలేదా?"

"డాక్టరేటి సేత్తాడండి? మనుసులు కూకోవాల గాని."

శ్యామలాంబ మంచం చుట్టూ కూర్చున్నవాళ్ళ వైపు మళ్ళీ చూసింది. ఆమెకి అక్క కనబడింది. పోయేముందు రోజు పొద్దున్న, తండ్రి ఆఫీసుకి బయలుదేరుతుంటే కోటేశ్వరి వచ్చి "నాన్నా, నాకు జ్వరంగా ఉంది" అంది. కుళాయి దగ్గర ఈ లైన్ల ఆడవాళ్ళతో మాట్లాడే పిల్ల, ఆ మాట అక్కడే నేర్చుకుని ఉంటుంది. సోమేశ్వరరావు చదువుకున్న మనిషి కనుక థర్మామీటరు తెచ్చాడు, నోట్లో పెట్టాడు, వెలుతురులో పట్టుకుని చూశాడు. "ఏమీ లేదమ్మా, నార్మలే. లేచి తిరుగు, అదే పోతుంది" అని సైకిలెక్కాడు. అక్క అడగవలసింది అడిగింది. ఆ ఇంట్లో ఆ మాటకి ఈ అర్థం తెలిసినవాళ్ళు లేకపోయారు. గుమాస్తాల ఇళ్ళు చావు దాచుకోవడానికి ఆ మాటను అరువు తెచ్చుకున్నాయి గాని, దానితో వచ్చే మనుషుల్ని తెచ్చుకోలేదు.

జగ్గారావు జ్వరం ఆ నెలలోనే దిగింది. అతను లేచి గెడ్డం గీసుకుని గేటు దగ్గర స్టూలు మీదికి వెళ్ళాడు. జోగమ్మ శ్యామలాంబకి స్నేహితురాలైపోయింది. ఖరిదా బజారు వైపు పనుంటే శ్యామలాంబ ఇంట్లో ఆగి టీ తాగి వెళ్ళేది, కూరలో ఉప్పు తక్కువైందని పంతులమ్మకే వంకలు పెట్టేది. ఇంత పెద్ద చదువు చదివినావిడకి ఎండు చేపలు కడగడం రాదని లైనంతా చెప్పుకుని నవ్వింది.

శ్యామలాంబ రాయడం మొదలుపెట్టింది. పుస్తకాల్లో ఎక్కడెక్కడి దేశాల సంగతులో ఉన్నాయి. ఎవరో ఫోన్ల దగ్గర కూర్చుని, చావాలనుకునేవాళ్ళ మాటలు వింటున్నారట. ఫోన్లు లేని ఈ ఊళ్ళో అక్షరం ముక్క రానివాళ్ళు అంతకంటే మంచి ఏర్పాటు ఎప్పుడో చేసుకున్నారు. ఈ సంగతి లోకానికి చెప్పకపోతే తన చదువెందుకు? గురువు చదివి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇదీ అసలు మణిపూస అన్నాడు. 1966లో కలకత్తాలో పెద్ద సభలో చదవమన్నాడు. ఆమె జాగ్రత్తపడింది. మనుషుల పేర్లు తీసేసింది, లైన్ల పేర్లు తీసేసింది. మాటను మాత్రం తీయలేదు. మాట తీసేస్తే వ్యాసమే లేదు మరి. అక్క సంగతి కూడా అందులో రాయలేదు. తండ్రి బతికున్నాడు కదా అని తనకి తాను చెప్పుకుంది.

సభలో చప్పట్లు మోగాయి. మర్నాడు ఒక బెంగాలీ పత్రికలో అర కాలమ్ వార్త పడింది. రైల్వే ఊళ్ళో తెలుగు కార్మికులు జ్వరమంటే దాని అర్థం ఆత్మహత్య అని రాశారు. మనుషులు చుట్టూ కూర్చునే సంగతి చోటు చాలక వదిలేశారో, చప్పగా ఉందని వదిలేశారో! ఆ పత్రిక గోల్‌బజార్‌లో చేపలు చుట్టే కాగితమై ఊరంతా తిరిగింది.

ఇక చూడాలి. వర్క్‌షాపులో తెలుగువాడెవడైనా ఒంట్లో బాగాలేదని సెలవడిగితే చాలు, పక్కవాళ్ళు "కీ రే, కోన్ జోర్?" అని పళ్ళికిలించేవారు. ఏ జ్వరంరా నీది అని. బెంగాలీలో కూడా ఆ మాట జోరే కనుక హాస్యానికి తర్జుమా కూడా అక్కర్లేకపోయింది. ఎప్పుడో ముగిసిపోయిన చావుల గురించి కొత్తగా ఆరాలు మొదలయ్యాయి. ఒక సంబంధం ముహూర్తం దాకా వచ్చి, పిల్ల తల్లికి వచ్చింది ఏ జ్వరమో తేల్చమని ఆగిపోయింది. లైన్లలో జ్వరం అనే మాట నోటంట రావడమే మానేసింది. మలేరియాతో వణుకుతున్నవాడు కూడా దుప్పటి కప్పుకుని డ్యూటీకి పోయేవాడు. శ్యామలాంబ కుళాయి దగ్గరికి వస్తే ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకునేవారు. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

పత్రికవాళ్ళకి సరిదిద్దమని రాసింది. జవాబు లేదు. ఇల్లిల్లూ తిరిగి తన ఉద్దేశం చెప్పబోయింది. ఉద్దేశం ఎవరిక్కావాలి?

రెండేళ్ళకి జగ్గారావుకి మళ్ళీ వచ్చింది. జ్వరాలు తిరగబెట్టడం ఉన్నదే. మొదటిసారి వచ్చినప్పుడు అతను నోరు తెరిచి చెప్పాడు. ఈసారి చెప్పలేదు. జోగమ్మకి అనుమానమొచ్చి, "ఏటి, జొరంగా ఉన్నాదా?" అని అడిగితే, "నోర్ముయ్! నన్ను పేపర్లోకి ఎక్కిస్తావేటి?" అని కసిరాడు. గేటు దగ్గర ఎవరు పలకరించినా "ఠీక్ హై, దాదా" అన్నాడు. అందరికంటే ముందు తనే "కోన్ జోర్" అని హాస్యమాడాడు. చెప్పని మనిషి దగ్గర కూర్చోవడానికి వాళ్ళకి ఆనవాయితీ లేదు. ఒక ఆదివారం వరండా ఖాళీగా ఉన్నప్పుడు అతను పోయాడు. ఎలా పోయాడో అడగకండి, అది చెప్పుకునే సంగతి కాదు.

శ్యామలాంబ కబురు తెలిసి పరిగెత్తింది. జోగమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు.

"జోగమ్మా..."

"ఏటికొచ్చినారు? రాసుకోడానికా?"

"అలా అనకు."

"మరెలగనాల? నా మొగుడెలగ పోనాడని ఆల్లడిగితే ఏటి సెప్పమంటారు? జొరమని సెప్తే నవ్వుతారు. నిజం సెప్తే పోలీసోల్లు ఒస్తారు. మాకొక మాటుండేది తల్లీ. బతికున్నోడికి అదే, సచ్చినోడికి అదే. దాన్ని నువ్వు అట్టుకెల్లిపోనావు."

ఇన్నేళ్ళలో జోగమ్మ ఆమెను నువ్వు అనడం అదే మొదలు. శ్యామలాంబ తల దించుకుంది. ఏదో చెప్పాలని నోరు తెరిచింది, "మంచికే అనుకున్నాను" అని వచ్చింది. అంతకంటే పనికిరాని మాట ఇంకొకటి లేదని అంటూండగానే తెలిసింది.

జోగమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. "మీ అప్ప కోటేశ్వరి కూడా అలగే పోనాదని లైన్లో అందరికీ ఎరికే. మేవెప్పుడూ నిన్నడగనేదు. మీ ఇంటి జొరం రాసినావా అందులో?"

శ్యామలాంబ రాయలేదని చెప్పింది. జోగమ్మ తలుపు వేసేసింది.

ఆ తర్వాత శ్యామలాంబ కాలేజీకి వెళ్ళింది, వచ్చింది. వ్యాసాన్ని పై దేశాల్లో కూడా చదివారని, మెచ్చుకున్నారని గురువు కబురు చేశాడు. పుండు మీద కారం చల్లినట్టయింది. ఒకరోజు క్లాసులో ఒక బెంగాలీ పిల్ల లేచి, "దీదీ, తిన్నగా అడిగితే అందరూ నిజం చెప్తారా?" అని అడిగింది. మామూలు ప్రశ్నే. శ్యామలాంబకి జోగమ్మ గుర్తొచ్చింది. జోగమ్మ తిన్నగానే అడిగింది కదా! పాఠంలో ఉన్నట్టే అడిగింది. చెప్పుకునే దారిని తను ముందే మూసేసి, ఆ పక్కన నిలబడి అడగండి అని పిల్లలకి పాఠం చెబుతోంది. శ్యామలాంబ సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. పాఠం మధ్యలో ఆపి ఇంటికి వచ్చేసింది, మళ్ళీ వెళ్ళలేదు. సెలవు మీద సెలవు పెట్టింది.

ఇంట్లో పగలంతా పడుకునేది. నిద్ర రాదు. తను ఉండి ఏం చేసిందో లెక్కవేసుకుంటే, లేకపోతేనే నయమనిపించేది. ఆ ఆలోచన ఎలా వస్తుందో, ఎలా పెరుగుతుందో ఆమె పదేళ్ళు పాఠం చెప్పింది. చెప్పినంత మాత్రాన అది రాకుండా ఉంటుందా? వచ్చింది. పెరిగింది. ముసలితనం మీదపడ్డ సోమేశ్వరరావు గుమ్మంలోకి వచ్చి, "కాలేజీకి సెలవా అమ్మా?" అని అడిగేవాడు. అవునంటే వెళ్ళిపోయేవాడు. ఇంకేదో అడగాలని అతని మొహంలో కనబడేది. అడగడం అతనికి చేతకాదు. చెప్పడం ఆమెకీ చేతకాలేదు. మనుషుల్ని మాట్లాడించడం మీద అంత రాసిన మనిషికి తన ఒక్క వాక్యం నోట రాలేదు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. సోమేశ్వరరావు వెళ్ళి తీశాడు. జోగమ్మ నిలబడి ఉంది. నిలువునా తడిసిపోయింది, చిక్కి సగమైంది. జోగమ్మ ఆ రోజు తన ఇంటి తలుపు వేసేశాక ఇద్దరూ మళ్ళీ ఎదురుపడలేదు, ఏడాది దాటింది. ఆమె ముసలాయన్ని దాటుకుని తిన్నగా శ్యామలాంబ మంచం దగ్గరికి వచ్చింది.

"నీ మీద కోపం పోయి రానేదు," అంది. "కోపం అలగే ఉన్నాది. ఎవులింటికెల్లి ఏటని సెప్పాలో తెలక ఒచ్చినాను. జొరమందారంటే ఆ మాట నేదు. ఇంకే మాటా నేదు. అందుకని ఉన్నదున్నట్టు సెప్తన్నాను. నాకు బతకాలని నేదు."

గుమ్మం దగ్గర సోమేశ్వరరావు ఆ మాట విన్నాడు, వెళ్ళిపోలేదు.

శ్యామలాంబ లేచి కూర్చుంది. ఇలాంటప్పుడు ఏం అడగాలో, దాని తర్వాత ఏం అడగాలో, వరసగా ఆమె రాసిన ప్రశ్నలే ఉన్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు. జోగమ్మ చీర కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు గచ్చు మీదికి కారుతున్నాయి. ఆ నీళ్ళవైపు చూస్తూ శ్యామలాంబ, వినపడీ వినపడనంత మెల్లగా, "నాకూ లేదు జోగమ్మా" అంది.

జోగమ్మ మొహం మారిపోయింది. ఏడుస్తుందనుకుంటే ఒంటికాలి మీద లేచింది.

"అదేటి మాట! ఇంత వానలో నానిక్కడికెందుకొచ్చినాను? నువ్వే అలగంటే మరి నానెవులకి సెప్పుకోవాల?"

"నాకే చెప్పు."

"ఇయ్యాల సెప్పినాను. రేపో?"

"రేపు కూడా నాకే చెప్పు."

"రేపటికి నువ్వుండాల కదా!"

శ్యామలాంబకి ఉంటాననే ధైర్యం లేదు. పొద్దుటి నుంచీ ఆ ధైర్యం లేకే పడుకుని ఉంది. అయినా ఎదురుగా మనిషి జవాబు కోసం నిలబడి ఉంది.

"ఉంటాను," అంది.

జోగమ్మ నమ్మలేదు. అయినా తడి కొంగు పిండుకుని, మంచం పక్కన గచ్చు మీద చతికిలబడింది.

"అలగైతే నానూ ఉంటాను," అంది కోపంగానే.